ఎరుపా, పసుపా, తెలుపా?

అన్నలారా, లారీకి ఏ రంగు మేలని పొద్దున్నుంచి ఎరుపోళ్లు, పసుపోళ్లు గ్రూపును హోరెత్తిస్తాండారు. నా ఓటు తెలుపుకే. కడప ఎండకు క్యాబిన్ తక్కువ కాగుతాది. ఎరుపు కొత్తలో పెళ్లికూతురే, కానీ చానా తొందరగా వెలిసిపోతాది.

ఏ రంగైనా అడుగుపనే ముఖ్యం. తుప్పును రేకు మెరిసేదాకా గీకి, ప్రైమర్ (అడుగు పూత) కొట్టి, ఆరినాక 400 నంబరు వాటర్ పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దండి. రంగులో కలిపే హార్డెనర్ మాత్రం డబ్బా మీదున్న కొలతే. తక్కువైతే రంగు సరిగా గట్టిపడదు. మిట్టమధ్యాహ్నం స్ప్రే వద్దు. రేకును తాకకముందే రంగును పల్చన చేసే థిన్నర్ ఆవిరైపోయి, చెయ్యి పెడితే ఇసుక తగిలినట్టు గరుకుగా ఉంటాది.

ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తేవాళ్లు దుమ్మును ముందు గాలి కొట్టి లేపండి, తర్వాతే నీళ్లు. మంచుతడికి బిగుసుకుంటే ఏ రంగునైనా తినేస్తాది.

రంగు మారిస్తే ఆర్సీలోనూ మార్పించండి. పసుపోళ్లూ, ఇప్పుడు చెప్పండి మీ లెక్క!