సూర్యారావుపేట నర్సమ్మ గారికి

విజయవాడ సూర్యారావుపేట క్లినిక్‌లోని నర్సమ్మ గారూ, మీ పేరు అడగడమే మరచిపోయాను. గుంటూరు నుంచి ఫైళ్ల సంచితో వచ్చిన తండ్రిని నేను.

మా పాపకు టైప్ 1 మధుమేహం. ఇన్సులిన్ పంపు (చర్మం కింద గుచ్చిన సన్నని గొట్టంతో రోజంతా ఇన్సులిన్ ఎక్కించే చిన్న యంత్రం) పెట్టించినా చక్కెర 300 దాటుతూనే ఉండేది. పాత ఆసుపత్రిలో ప్రతిసారీ మోతాదు పెంచి పంపేవారు. పొట్ట తడిమి చూసినవారు ఒక్కరూ లేరు. విసిగి డాక్టరును మార్చాం.

మీరు ముందు చేతులు రుద్దుకుని వెచ్చచేసుకున్నారు. పాప పొట్టంతా వేళ్లతో మెల్లగా తడుముతూ బొడ్డు పక్కన ఆగి, నా చేయి పట్టుకుని అక్కడ పెట్టించారు. చర్మం కింద ఉసిరికాయంత ముద్ద! నొప్పి తెలియదని పంపు గొట్టం ఎప్పుడూ అక్కడే గుచ్చేవాళ్లం (మా తెలివి అలాంటిది). అక్కడ ఇన్సులిన్ సరిగా ఒంటికి పట్టదట. పాత క్యాలెండరు కాగితం వెనుక పొట్ట, తొడలు గీసి, 3 రోజులకోసారి ఎక్కడికి మార్చాలో చుక్కలు పెట్టారు. "ఇది ముగ్గమ్మా, చుక్క తప్పకూడదు" అన్నారు. ఆసుపత్రిలో పాప నవ్వగా చూడటం అదే మొదటిసారి.

కొత్త చోట గుచ్చితే మందు బాగా పట్టి చక్కెర పడిపోవచ్చని, మోతాదు తగ్గించాక కూడా రాత్రి రెండింటికి లేచి చూడమన్నారు. లేచాం. 64. వెంటనే గ్లూకోజు నీళ్లు తాగించాం.

ఆ కాగితం మా ఫ్రిజ్ మీదే ఉంది, నూనె మరకలతో సహా. మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు.