పాత ఆటల గురించీ రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్తే, మాది రాయగడ, ఇంట్లో తెలుగు బయట ఒడియా. మీరెప్పుడూ కొత్త ఫోన్ గేమ్‌లే రాస్తారు. మొన్న మా తమ్ముడు ల్యాప్‌టాప్‌లో 1984 నాటి జెట్ సెట్ విల్లీ అనే గేమ్ పెట్టాడు, మ్యాథ్యూ స్మిత్ చేసింది, మానిక్ మైనర్‌కి రెండోది, ముందుదాంట్లో ఒక గుహ అయ్యాకే ఇంకోటి, ఇందులో బంగ్లా అంతా మనిష్టం, కానీ పార్టీ చెత్త 83 వస్తువులు ఏరితే గానీ ఇంటి పనులు చూసే మరియా విల్లీని మంచం ఎక్కనివ్వదు (మా అమ్మే నయం). 48 కేబీ మెమరీ ఉన్న స్పెక్ట్రమ్ అనే ఆనాటి కంప్యూటర్‌లో ఇదంతా ఎలా పట్టించారో! అటకలోకి వెళ్తే మాత్రం వేరే గదులు పాడైపోయేవట, కంపెనీవాళ్ళేమో మొదట్లో కావాలనే పెట్టామన్నారట, భలే బుకాయింపు. నేనింకా బాత్రూమ్ దాటి నాలుగు గదులే చూశా.

- ఒక పాఠకుడు, రాయగడ