మా అమ్మాయికి తోడు నిలిచినవారికి కృతజ్ఞతలు

మా పెద్దమ్మాయి రొమ్ములో కనిపించిన గడ్డ క్యాన్సర్ కాదనీ, ప్రస్తుతానికి దానికి ఆపరేషన్ కూడా అవసరం లేదనీ వైద్యులు నిర్ధారించారు. ఈ మాట వినేవరకు మాకు తోడు నిలిచిన వారందరికీ బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను. అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను. రాసినది చదివి రెండు వాక్యాలు కొట్టివేసింది, మిగిలినవి ఉండనిమ్మంది. సాయపడిన వారెవరూ తమ పేర్లు బయటపెట్టడానికి ఇష్టపడలేదు కనుక వారి పేర్లు ఇందులో ఉండవు. పేరు చెప్పి కృతజ్ఞత తెలుపుకోగలిగిన వ్యక్తి ఒక్కరే ఉన్నారు, ఆమెకేమో మేమెవరమో తెలియదు.

ఆమె ఓపల్ సుచాతా చువాంగ్‌శ్రీ. 2025 మే 31న హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగిన 72వ మిస్ వరల్డ్ పోటీలో కిరీటం గెలుచుకున్న థాయిలాండ్ యువతి. ఆ దేశానికి ఈ కిరీటం దక్కడం అదే మొదటిసారి. ఫుకెట్‌లో పుట్టి, థమ్మసాట్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదువుతూ, అంతకుముందు 2024లో మెక్సికోలో జరిగిన మిస్ యూనివర్స్ పోటీలో మూడవ రన్నరప్‌గా నిలిచారని పత్రికలన్నీ రాశాయి. మాకు పనికివచ్చినది వాటిలో ఏదీ కాదు. పదహారేళ్ల వయసులో ఆమె రొమ్ములో గడ్డ కనిపించింది, ఆపరేషన్ చేసి తీసివేశారు, అది క్యాన్సర్ కాదని తేలింది. అయినా ఆ అనుభవాన్ని మరచిపోయి తన దారిన తాను పోకుండా, ‘ఓపల్ ఫర్ హర్’ అనే పేరుతో రొమ్ము క్యాన్సర్ గురించి అవగాహన కలిగించే పనికి పూనుకున్నారు, అందాల పోటీల వేదిక మీద కూడా దాని గురించే మాట్లాడారు.

మా బంధువుల్లో కొందరు ఆమెను ‘క్యాన్సర్‌ను జయించిన సుందరి’ అని చెప్పుకుంటున్నారు. అది సరికాదు. ఆమెకు క్యాన్సర్ రాలేదు. నా దృష్టిలో ఆమె కథకు విలువ వచ్చింది అందువల్లనే. ప్రాణాపాయం దాటినవారు తమ గాథ చెబితే లోకం చెవి ఒగ్గి వింటుంది. గడ్డ కనిపించి, భయపడి, పరీక్ష చేయించుకుని, ఏమీ కాదని తెలుసుకున్నవారు సాధారణంగా నోరు విప్పరు. కానీ రొమ్ములో గడ్డ తగిలిన స్త్రీలలో అత్యధికులది ఈ రెండవ కథే. అది ఎవరూ చెప్పకపోవడం వల్ల గడ్డ అనగానే చావే గుర్తుకు వస్తుంది, ఆ భయంతోనే పరీక్షకు వెళ్లడం మానేస్తారు.

అందాల పోటీల మీద నాకు పెద్ద గౌరవం లేదని కూడా ఇక్కడే చెప్పాలి. మిస్ వరల్డ్ సంస్థ 1972 నుంచి సేవా కార్యక్రమాలను పోటీతో ముడిపెడుతూ వస్తున్నదని తెలిసినా, స్త్రీలను వరుసగా నిలబెట్టి మార్కులు వేయడం నాకు నచ్చదు. నచ్చని చోటు నుంచి మేలు జరిగినంత మాత్రాన ఆ మేలును దాచిపెట్టలేను.

ఆ మేలు మా ఇంటిదాకా వచ్చింది కళాశాలలో జువాలజీ చెప్పే మేడమ్ వల్ల. వేసవి సెలవుల తరువాత తరగతులు మొదలైనప్పుడు పిల్లలు మిస్ వరల్డ్ గౌన్ల గురించి మాట్లాడుకుంటుంటే, ఆమె వారిని కసరకుండా, గెలిచిన అమ్మాయి పదహారేళ్ల వయసులో ఏం అనుభవించిందో చెప్పి, రొమ్ములో గడ్డలు ఎందుకు వస్తాయో, వాటిలో ఎక్కువ భాగం ఎందుకు ప్రమాదకరం కావో అదే పీరియడ్‌లో వివరించారట. తరగతి ముగిశాక మా అమ్మాయి ఆమె వెనకాలే వెళ్లి, మాకెవరికీ చెప్పకుండా కొంతకాలంగా దాచుకున్న సంగతి చెప్పింది. ఆ సాయంత్రం మేడమ్ నాకు ఫోన్ చేసినప్పుడు క్యాన్సర్ అనే మాట ఎత్తలేదు. ‘కంగారు పడవలసింది కాదు, కానీ చూపించకుండా వదిలేయవలసిందీ కాదు, కావాలంటే నేనూ వస్తాను’ అన్నారు. అన్నట్టే వచ్చారు. మేడమ్, మీరు నాకంటే ముందు నా బిడ్డ మాట విన్నారు. అందుకు నాకు కొంత అసూయగా ఉన్న మాట నిజమే, కృతజ్ఞత దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

మొదట చూపించిన చోట పరీక్షలు పూర్తికాకముందే ఆపరేషన్‌కు తేదీ ఇవ్వబోయారు. రెండవ అభిప్రాయం తీసుకోవలసిందేనని పట్టుబట్టి, తనకు తెలిసిన మహిళా సర్జన్ దగ్గరకు మమ్మల్ని తీసుకువెళ్లింది మా ఆడపడుచు. ఆ డాక్టరుగారు మా అమ్మాయితో మాట్లాడిన తీరు గురించి వివరంగా రాయాలని ఉంది. ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, సరేనా అని నన్ను కాక అమ్మాయిని అడిగి, నర్సు పక్కనుండగా పరీక్షించారు. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కనుక మామోగ్రఫీలో, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రేలో, గడ్డలు స్పష్టంగా కనిపించవనీ, ఈ వయసువారికి అల్ట్రాసౌండ్ స్కానింగే తగినదనీ చెప్పారు. స్కానింగ్‌లో ఒక అంచు స్పష్టంగా లేకపోవడంతో సూదితో ముక్క తీసి బయాప్సీకి పంపారు. చేత్తో పరీక్షించడం, స్కానింగ్, అవసరమైతే బయాప్సీ, ఈ మూడింటి ఫలితాలూ ఒకే మాట చెప్పినప్పుడే తాము నిశ్చింతగా ఉంటామని ఆమె అన్నారు.

రిపోర్టులో వచ్చినది ఫైబ్రోఅడినోమా. టీనేజీ నుంచి ముప్పై అయిదేళ్ల లోపు వారిలో ఎక్కువగా కనిపించే, నున్నగా ఉండి వేలితో నొక్కితే పక్కకు జరిగే గడ్డ. అప్పుడు మా అమ్మాయి, ‘ఆ మిస్ వరల్డ్‌కు ఆపరేషన్ చేశారు కదా, నాకెందుకు వద్దంటున్నారు?’ అని అడిగింది. డాక్టరుగారు నవ్వి ఊరుకోలేదు. గడ్డ పెద్దదైనా, త్వరగా పెరుగుతున్నా, నొప్పి పెడుతున్నా, రిపోర్టులో ఏమాత్రం అనుమానం ఉన్నా తీసివేస్తామనీ, ఇవేవీ లేనప్పుడు ఎదిగే వయసులో అనవసరంగా మచ్చ పడనివ్వమనీ, ఆమె విషయంలో ఆమె వైద్యులు నిర్ణయించారు, నీ విషయంలో మనం నిర్ణయిద్దామనీ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆ కాగితం ఇప్పటికీ అమ్మాయి దగ్గరే ఉంది. సూది పరీక్ష జరుగుతున్నంతసేపూ ఇంటర్ సిలబస్ గురించి అడుగుతూ దాని దృష్టి మళ్లించిన నర్సుగారికి, సెలవు ముందురోజైనా రిపోర్టు ఆపకుండా పంపించిన ల్యాబ్ సిబ్బందికి నమస్కారాలు.

ఇక మా అత్తగారు. పెళ్లి కావలసిన పిల్ల, ఈ మాట గడప దాటకూడదని మొదట్లో ఆమె అన్న మాటలో తప్పు వెతకను. ఆమె తరం స్త్రీలకు తెలిసిన రక్షణ అదొక్కటే. రిపోర్టు వచ్చిన తరువాత డాక్టరుగారు ఆమె వైపు తిరిగి, ‘అమ్మా, మీరెప్పుడైనా చూపించుకున్నారా?’ అని అడిగారు. మేమంతా పదిహేడేళ్ల పిల్ల గురించి కలత పడుతున్నాం కానీ, ఆ గదిలో అసలు ముప్పు ఎక్కువగా ఉన్నది అరవై దాటిన ఆమెకు, నలభై దాటిన నాకు, మా ఆడపడుచుకు. భారతదేశంలో స్త్రీలకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా వచ్చింది, 98 వేల మందికి పైగా మరణించారు. ఓపల్ కథ విని అమ్మాయిలు ధైర్యం తెచ్చుకోవడం మంచిదే. ఆ అమ్మాయిల తల్లులూ నాయనమ్మలూ పరీక్షకు కదిలినప్పుడే ఆమె తలపెట్టిన పని నెరవేరినట్టని నా అభిప్రాయం.

ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వారు లక్షన్నర మంది స్త్రీలను ఇరవై ఏళ్లపాటు గమనించి చేసిన అధ్యయనం గురించి కూడా డాక్టరుగారే చెప్పారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేత్తో చేసిన పరీక్ష వల్ల, యాభై దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయట. యంత్రం లేకపోయినా పరీక్ష ఉందన్న ఆ మాటే మా అత్తగారిని కదిలించింది. ముప్పై దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితమని ఆమెకు చెప్పి, వెంటబెట్టుకుని తీసుకువెళ్లింది మా ప్రాంతపు ఆశా కార్యకర్త. నన్నూ, మా ఆడపడుచునూ కూడా ఆమే తీసుకువెళ్లింది. ముగ్గురికీ అనుమానించవలసినదేదీ కనిపించలేదు. నాకు మాత్రం మామోగ్రఫీ కూడా చేయించుకోమన్నారు, చేయించుకున్నాను.

అమ్మాయికి ఆరు నెలల తరువాత మళ్లీ స్కానింగ్ చేయించాలి. ఈలోగా మా వీధిలో పరీక్షకు వెళ్లని ఆడవారిని ఆరోగ్య కేంద్రానికి పిలుచుకు వెళ్లే పని మా అత్తగారు తన మీద వేసుకున్నారు. ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించవలసిన ఆ ఆశా కార్యకర్తకు కొంత శ్రమ తగ్గుతుంది. ప్రస్తుతానికి ఆమె రుణం మేము తీర్చుకోగలిగేది అంతవరకే.