ఫ్రాన్స్ కొండదారులంటే ఆల్ప్స్ ఒక్కటే కాదు

సంపాదకులకు నమస్కారం.

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీ జరిగే రోజుల్లో మీ పత్రికలో ఆల్ప్ డ్యుయెజ్, మోన్ వాంటూ, గాలిబియే వంటి కొండల గురించి వచ్చే వ్యాసాలను శ్రద్ధగా చదువుతుంటాను. పోటీ నడిచిన ఆ దారుల్లో తామూ ఒక్కసారి తొక్కాలని హైదరాబాద్ నుంచి, విశాఖపట్నం నుంచి సైకిల్‌ను పెట్టెలో కట్టుకుని వచ్చే మిత్రులు, ఉద్యోగరీత్యా తులూజ్‌లో ఉంటున్న నన్ను దారి అడుగుతుంటారు. వారికి చెప్పే మాటే మీ పాఠకులకూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పేరున్న కనుమలు వేసవిలో కార్లతో, మోటారు సైకిళ్లతో కిక్కిరిసి ఉంటాయి. నా దృష్టిలో రోడ్డు సైకిల్‌కు ఫ్రాన్స్‌ను మించిన దేశం లేదంటే, అందుకు కారణం దేశం నడిమధ్యన మాసిఫ్ సెంట్రల్ అనే ఎత్తయిన ప్రాంతంలో ఊరికీ ఊరికీ మధ్య సాగే సన్నని తారు రోడ్లే.

ఆ రోడ్లు అంత ప్రశాంతంగా ఉండటం వెనుక చరిత్ర ఉంది. ఫ్రాన్స్‌లో 'డి' అక్షరంతో మొదలయ్యే డిపార్ట్‌మెంట్ (జిల్లా) రోడ్లే దాదాపు 3.8 లక్షల కిలోమీటర్లు. ఊళ్ల అధీనంలోని కమ్యూన్ రోడ్లు సుమారు మరో 7 లక్షల కిలోమీటర్లు. కొండ ఊళ్లలో జనం నిండుగా ఉన్న కాలంలో పడిన దారులు వీటిలో చాలా ఉన్నాయి. తరువాత జనం పట్టణాలకు తరలిపోయారు. దారులు మిగిలాయి, వాటి మరమ్మతులూ మానలేదు. లొజేర్ డిపార్ట్‌మెంట్‌లో నేడు చదరపు కిలోమీటరుకు సగటున 15 మంది మాత్రమే ఉన్నారు. దీనికి తోడు క్లెర్మోన్ ఫెరాన్ నుంచి దక్షిణాన బెజియే దాకా ఎ75 మోటారు రహదారి పూర్తయింది. 2004 డిసెంబరులో ఆ రహదారి మీద మియో వంతెన తెరిచాక, అంతకు ముందు వేసవి సెలవుల్లో మియో ఊళ్లో బారులు తీరిన వాహనాలన్నీ ఆ వంతెన మీదుగా పోతున్నాయి. ఒకనాటి జాతీయ రహదారి ఎన్9 నేడు అక్కడ డి809 అనే పేరుతో జిల్లా రోడ్డు స్థాయికి దిగింది. రహదారి పక్కకు తప్పుకుంటే పాత దారి సైకిల్‌కు మిగులుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇలాంటి దారులను వెతకడానికి ఫోన్ కన్నా మిషెలిన్ వారి కాగితపు పటం మేలని నా అభిప్రాయం. అందులో ఎరుపు రంగువి రద్దీ రోడ్లు, పసుపువి మధ్యరకం, తెలుపువి చిన్నవి. రోడ్డు వెంట ఆకుపచ్చ గీత ఉంటే అది చూడదగ్గ దారి అని అర్థం. తెలుపు రంగు, ఆకుపచ్చ గీత కలిసిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే చాలు, సగం ప్రణాళిక అయిపోయినట్టే. రోడ్డు మీద చిన్న బాణపు గుర్తులు కూడా ఉంటాయి: ఒకటి ఉంటే 5 నుంచి 9 శాతం, రెండు ఉంటే 13 శాతం వరకు, మూడు ఉంటే అంతకు మించిన ఎక్కుడు. బాణం మొన ఎటు ఉంటే అటు ఎక్కాలి. ఈ ఒక్క సంగతి తెలియక కొండను కష్టమైన వైపు నుంచి ఎక్కేవారు చాలామంది ఉన్నారు.

మొదటిసారి వచ్చేవారికి నేను సూచించేది మియో నుంచి బయలుదేరే దారి. టార్న్ నది కుడి గట్టున పెద్ద రోడ్డు ఉంది. దాన్ని వదిలి ఎడమ గట్టున పోల్, లా క్రెస్ ఊళ్ల మీదుగా చెర్రీ తోటల మధ్య 'పేరెలో' అనే ఊరు చేరాలి. అక్కడ టార్న్‌లో జోంట్ నది కలుస్తుంది. యాత్రికుల కార్లు ఎక్కువగా టార్న్ లోయ వైపే తిరుగుతాయి కాబట్టి, జోంట్ లోయ పట్టుకుని మేరుయెస్ వైపు వెళ్లాలి. ఈ 21 కిలోమీటర్లూ వాలు తక్కువే. తలెత్తి చూసుకుంటూ తొక్కవచ్చు, చూడవలసినది కూడా పైనే ఉంది. సున్నపురాతి గోడలు రెండు వైపులా నిలువుగా లేస్తాయి. ఎండ ఎక్కి గాలి వేడెక్కాక గోడల అంచుల నుంచి గ్రిఫన్ రాబందులు ఒక్కొక్కటిగా రెక్కలు విప్పి, ఆడించకుండానే చుట్లు తిరుగుతూ పైకి పోతాయి. అవి ఈ ప్రాంతంలో పూర్తిగా అంతరించిపోగా, 1981 నుంచి మళ్లీ తెచ్చి వదిలారు. కొన్నిసార్లు ఎంత కిందికి వస్తాయంటే, తారు మీద వాటి నీడ మన సైకిల్‌ను దాటిపోతుంది.

మేరుయెస్ దాటాక రోడ్డు 1,028 మీటర్ల ఎత్తున్న పెర్జురే కనుమకు ఎక్కుతుంది. 1960 టూర్‌లో ఫ్రెంచ్ సైక్లిస్టు రోజే రివియేర్ దిగుడులో అదుపు తప్పి లోయలో పడి, వెన్నెముక విరిగి, మళ్లీ పోటీలకు రాలేకపోయింది ఇక్కడే. అతని స్మారక శిల ముందు ఆగినవారు తరువాతి మలుపుల్లో బ్రేకులు మరవరు. కనుమ దగ్గర ఒక వైపు తిరిగితే ఎగువాల్ శిఖరం. మరో వైపు తిరిగితే కోస్ మెజాన్ పీఠభూమి, గడ్డి, రాయి, గొర్రెల మందలు, చెట్టు నీడ లేని నిశ్శబ్దం. నీళ్లు నింపుకోకుండా అటు వెళ్లకూడదు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి: ఈ పల్లెల్లో శ్మశానం గేటు లోపల సాధారణంగా కుళాయి ఉంటుంది, ఇక్కడి సైక్లిస్టులందరూ అక్కడే సీసాలు నింపుకుంటారు. మనవారికి మొదట మనసు ఒప్పకపోవచ్చు గాని, వేసవి మధ్యాహ్నం అదే దిక్కు. 'నొన్ పొటాబ్ల్' అని రాసి ఉంటే మాత్రం తాగకూడదు. మధ్యాహ్నం 12 తరువాత భోజనవేళకు దుకాణాలు మూస్తారు, సోమవారం చాలాచోట్ల రొట్టెల దుకాణమే తెరవరు. వేసవి మొదట్లో రోడ్లపై కొత్తగా చల్లిన కంకర పొడి జారుతుంది. మే చివర, జూన్, సెప్టెంబరు మంచి కాలం.

గేర్ల విషయంలో బిడియం వద్దు. ముందు పళ్లచక్రానికి 34 పళ్లు, వెనుక పెద్ద చక్రానికి 32 పళ్లు ఉంటే ఈ కొండలు ఆనందంగా ఎక్కవచ్చు. 'వెలోసియో' అనే కలం పేరుతో ప్రసిద్ధుడైన పాల్ ద వివీ (1853–1930) ఈ మాసిఫ్ సెంట్రల్ అంచునే, సేంట్ ఎతియెన్ పట్టణంలో ఉంటూ, సైకిల్‌కు ఒకటి కంటే ఎక్కువ గేర్లు ఉండాలని జీవితాంతం వాదించాడు. టూర్ నిర్వాహకులు గేర్లు మార్చే డెరయిలర్‌ను అనుమతించింది ఆయన పోయాక, 1937లో. ఆయన స్మారకం 1,161 మీటర్ల ఎత్తున రిపబ్లిక్ కనుమ మీద ఉంది. 1903లో తొలి టూర్ దాటిన కనుమ కూడా అదే.

ఇక్కడి చట్టం ప్రకారం వాహనం సైకిల్‌ను దాటేటప్పుడు ఊళ్లో 1 మీటరు, ఊరి బయట 1.5 మీటర్లు ఎడం ఇవ్వాలి. మన ఘాట్ రోడ్లలో హారన్ వినగానే అంచుకు దిగడం అలవాటైన వారికి, వెనుక కారు మౌనంగా మలుపు దాటేదాకా ఆగడం మొదట కంగారు పుట్టిస్తుంది. దాని కోసం రోడ్డు దిగనవసరం లేదు. అయితే రాత్రివేళ ఊరి బయట మెరిసే జాకెట్టు వేసుకోవడం సైక్లిస్టుకు తప్పనిసరి.

మన రాష్ట్రాల్లో బ్రెవేలు (గడువులోగా పూర్తిచేయవలసిన దూరపు సైకిల్ యాత్రలు) తొక్కుతూ 2027 ఆగస్టులో రావలసిన పారిస్–బ్రెస్ట్–పారిస్‌కు సిద్ధమవుతున్నవారు ఉన్నారు. 1,200 కిలోమీటర్లు 90 గంటల్లో తొక్కే ఆ యాత్రలో పెద్ద కొండ ఒక్కటీ లేకపోయినా మొత్తం ఎక్కుడు దాదాపు 12,000 మీటర్లు. అర్ధరాత్రి కూడా ఊరివాళ్లు ఇంటి ముందు బల్ల వేసి కాఫీ, నీళ్లు ఇస్తారు. కానీ గడియారం చూసుకుంటూ తొక్కేవారికి ఆ పల్లెలు సరిగా కనబడవు. ఇంత ఖర్చు పెట్టి వచ్చినవారు తిరుగు టిక్కెట్టును ఒక వారం వాయిదా వేసుకుని, క్లెర్మోన్ ఫెరాన్ మీదుగా మియోకు రైలెక్కాలని నా విన్నపం. ప్రాంతీయ రైళ్లు చాలావాటిలో సైకిల్‌కు రుసుము ఉండదు. టీజీవీ అనే అతివేగపు రైల్లో మాత్రం ముందే చోటు తీసుకోవాలి.

వచ్చే టూర్ ప్రత్యేక సంచికలో ఆల్ప్స్ కనుమలతో పాటు ఈ దారులకూ ఒక పటంతో అరపేజీ కేటాయించవలసిందిగా కోరుతున్నాను. ఊళ్ల పేర్ల ఉచ్చారణ, దారుల వివరాలు సరిచూడటానికి ఇక్కడ ఉంటున్న నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
తులూజ్, ఫ్రాన్స్