శాలువాల ఫోటో సరే, సంఘం ఏం మాట్లాడిందో కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

చెన్నై అంబత్తూరులో అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్ నాది. సొంతూరు నెల్లూరు జిల్లా, ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్లయింది. పోయిన వారం మీ చెన్నై పేజీలో మా పెట్టెల తయారీదారుల సంఘం సమావేశం వార్త వచ్చింది. సంతోషమే. పెద్ద ఫోటో, ఫోటో కింద పదకొండు పేర్లు, జ్యోతి వెలిగించింది ఎవరు, శాలువా ఎవరు ఎవరికి కప్పారు, వందన సమర్పణ ఎవరు చేశారు. అంతే, వార్త అయిపోయింది.

మా షెడ్‌లో స్టిచింగ్ మిషన్ మీద పనిచేసే కుర్రాడు రోజూ సూళ్లూరుపేట నుంచి లోకల్ రైలెక్కి వస్తాడు. పొద్దున ఇడ్లీ పొట్లం కింద మీ పేపరు పరుచుకుని తింటూ, "అన్నా, నీ ఫోటో పడింది చూడు" అన్నాడు. వేలికి అంటిన చట్నీ తుడుచుకుని నన్ను చూపించాడు కూడా. తర్వాత, "ఇంతకీ దేని గురించి మీటింగు?" అని అడిగాడు. వార్త మొత్తం చదివాకే అడిగాడండీ ఆ మాట! అది విన్నాకే ఈ ఉత్తరం రాద్దామనిపించింది.

ఆ మీటింగ్ దేని గురించో నేను చెబుతాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి అట్టపెట్టెల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అందరూ మెచ్చుకున్నారు, మా బావమరిది నెల్లూరు నుంచి ఫోన్ చేసి "బావా, మీకు పన్ను తగ్గించారంటగా, పార్టీ ఎప్పుడు?" అన్నాడు. అదే రోజు నుంచి ఆ పెట్టె చేసే గోధుమరంగు మందపాటి కాగితం, అదే క్రాఫ్ట్ పేపర్ మీద పన్ను 12 నుంచి 18కి ఎక్కిందన్న సంగతి మాత్రం వాడికి తెలియదు, వాడు చదివిన వార్తలో ఆ ముక్క లేదు. నోట్ పుస్తకాలకు వాడే కాగితానికి సున్నా చేశారు, మంచిదే, పిల్లల చదువులు కదా. మాకొచ్చే గోధుమరంగు రీలుకు మాత్రం 18.

లెక్క చూడండి. ఇంతకుముందు లక్ష రూపాయల పేపర్ కొంటే 12,000 పన్ను కట్టేవాణ్ని. దాన్ని పెట్టెలు చేసి 1,30,000కు అమ్మితే 12 శాతం చొప్పున 15,600 వచ్చేది, నేను కట్టిన 12,000 పోగా మిగిలిన 3,600 సర్కారుకు జమ. ఇప్పుడు అదే పేపర్‌కు 18,000 కడుతున్నాను, అవే పెట్టెల మీద 5 శాతం అంటే 6,500 మాత్రమే వసూలవుతోంది. మిగతా 11,500 నా పేరు మీద క్రెడిట్‌గా కంప్యూటర్‌లో కనిపిస్తుంటుంది, చేతిలో ఉండదు. లక్షకే ఇంత, నెలకు ఇరవై ముప్పై లక్షల పేపర్ కొనేవాడి సంగతి మీరే ఊహించుకోండి. రీఫండ్ అడగొచ్చు, నిజమే, అందులో 90 శాతం ముందే విడుదల చేసేలా చూస్తామని జీఎస్టీ కౌన్సిల్ ఈ రేట్లు మార్చిన సమావేశంలోనే చెప్పింది కూడా. కానీ షెడ్ అద్దె మీద కట్టిన పన్ను, మిషన్ కొన్నప్పుడు కట్టిన పన్ను ఈ రీఫండ్ లెక్కలోకి రావు. పైగా మిల్లువాడికి డబ్బు ముందు కట్టాలి, మా దగ్గర పెట్టెలు కొనేవాళ్లు రెండు మూడు నెలలకు గానీ చెల్లించరు, మధ్యలో ఈ రీఫండ్ కోసం ఎదురుచూపులు. ఆడిటర్ ఫీజు అదనం.

ఇది చాలదన్నట్టు కొనే కంపెనీల పర్చేజ్ మేనేజర్లు ఫోన్ చేసి "జీఎస్టీ తగ్గింది కదా, రేటు తగ్గించండి" అంటారు. అయ్యా, బిల్లులో పన్ను గడి తగ్గింది, అది మీకు ఎలాగూ క్రెడిట్‌గా తిరిగి వచ్చేదే, నా ఖర్చు తగ్గలేదు అని ఒక్కొక్కరికీ విడిగా చెప్పేసరికి గొంతు పోతోంది. మా మీటింగ్‌లో దాదాపు గంటన్నర నడిచింది ఈ చర్చే. పేపర్‌కూ పెట్టెకూ ఒకే రేటు పెట్టండి, ఎంతైనా సరే, ఒకటే ఉండాలి అని తీర్మానం చేశాం. మీ వార్తలో ఆ ముక్క ఉండుంటే కటింగ్ వాట్సాప్‌లో ఆ మేనేజర్లకే పంపేవాణ్ని. ఇప్పుడు పంపడానికి నా దగ్గరున్నది శాలువా ఫోటో.

ఈ రేట్లు మారడం కొత్తేం కాదు. 2021 అక్టోబర్‌లో పెట్టెల మీద 12ను 18 చేశారు, 2024 జూలైలో మళ్లీ 12కు తెచ్చారు, ఇప్పుడు 5. 2024లో తగ్గించినప్పుడు హిమాచల్, కశ్మీర్ యాపిల్ రైతుల మాట బాగా వినిపించింది, వాళ్ల పంట వెళ్లేది మా అట్టపెట్టెల్లోనే కదా. మన మదనపల్లె టమాటా ప్లాస్టిక్ క్రేట్లలో పోతుంది, అందుకే కాబోలు మనవాళ్లకు అట్టపెట్టె పన్ను పెద్ద వార్త అనిపించదు.

మీటింగ్ మధ్యాహ్నం పూట ఇంకో పని జరిగింది, నాకు బాగా నచ్చింది అదే. ప్యాకేజింగ్ చదివిన ఒక పెద్దాయన కాగితం ఎంత ఒత్తిడికి చిట్లుతుందో కొలిచే బర్స్టింగ్ మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టారు. మా ధందాలో పేపర్ బలాన్ని బీఎఫ్‌తో, అంటే బర్స్టింగ్ ఫ్యాక్టర్‌తో చెప్పుకుంటాం. మిషన్‌లో కాగితాన్ని బిగించి చక్రం తిప్పుతుంటే కింద నుంచి రబ్బరు బుడగలా ఉబ్బుతూ వస్తుంది, ఒక చోట ఫట్‌మని కాగితం చిట్లుతుంది, ముల్లు ఆగిన చోట చదువుకోవడమే. ఆ అంకెను వెయ్యితో గుణించి, పేపర్ జీఎస్ఎంతో, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకెతో భాగిస్తే బీఎఫ్. రెండు రీళ్ల నుంచి ముక్కలు కోసి తెచ్చారు, రెండింటి మీదా 150 జీఎస్ఎం, 18 బీఎఫ్ అనే చీటీ ఉంది. మొదటిది 2.7 దగ్గర చిట్లింది, లెక్కకు సరిగ్గా 18. రెండోది 2.2 దగ్గరే పోయింది. అంటే 15 కూడా లేదు! హాల్లో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. అది ఏ మిల్లు రీలో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు, అందరి గోడౌన్‌లోనూ అలాంటివి ఉన్నాయి కాబట్టి.

వానాకాలంలో రీళ్లను నేల మీద పెట్టకండి, చెక్క పాలెట్ల మీద పెట్టండి, కాగితం చెమ్మ పీల్చుకుంటే పెట్టె మీద పెట్టె పేర్చినప్పుడు కిందిది కూలబడుతుంది అని కూడా ఆయన చెప్పారు. మాకు తెలియనిది కాదు. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానుకు అంబత్తూరు ఎస్టేట్‌లో నీళ్లు నిలిచినప్పుడు నా షెడ్‌లో కింది వరస రీళ్లు నాని ఉబ్బిపోయి, లాగితే పొరలు పొరలుగా ఊడొచ్చాయి, చివరికి పాత కాగితాల వ్యాపారికి తడి బరువు తీసేసి అమ్ముకోవాల్సొచ్చింది. తెలిసిన విషయమైనా నలుగురి ముందు ఒకరు చెబితే మర్నాడు పొద్దున్నే పాలెట్లు కొంటాం, మనుషులం కదా.

మీరు అనొచ్చు, ఇదంతా మీ సంఘం గొడవ, మీరు సర్క్యులర్ పంపుకోండి, పాఠకులకెందుకు అని. నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ని. సంఘం అంటే ఏడాదికో ఎన్నిక, ఒక డిన్నర్, ఒక డైరీ అనుకుని చందా కట్టేసి ఊరుకునేవాణ్ని. 2020 చివర్లో వచ్చిన సర్క్యులర్ కవరు కూడా చింపలేదు, సొరుగులో పడేశాను. 2021 జనవరి 1 నుంచి చైనా పాత కాగితం దిగుమతి పూర్తిగా ఆపేస్తోంది, అందుకని అక్కడి మిల్లులు మన క్రాఫ్ట్ మిల్లుల నుంచి గుజ్జును రీళ్ల రూపంలో కొంటున్నాయి, ఇక్కడ పేపర్ దొరకడం కష్టమవుతుంది, ఏడాది రేటుకు ఎవరూ ఒప్పుకోకండి అని అందులో ఉంది. నేను ఆ కవరు పెట్టిన సొరుగు పక్కనే కూర్చుని ఒక బిస్కెట్ల కంపెనీకి ఏడాదికి ఒకే రేటని సంతకం పెట్టాను. తర్వాత పేపర్‌కు వారానికో రేటు. మాట తప్పలేక ఆరు నెలలు నష్టానికే పెట్టెలు పంపి, పంచింగ్ మిషన్ అమ్ముకుని బయటపడ్డాను. అదే ముక్క పేపర్లో నాలుగు లైన్లు వచ్చి ఉంటే టీ తాగుతూ అయినా నా కంట పడేది. తప్పు నాదే, కాదనను.

ఇది అట్టపెట్టెల సంగతి ఒక్కటే అనుకోకండి. కాగితానికీ మనవాళ్లకూ ఉన్న చుట్టరికం చిన్నది కాదు. రాజమండ్రి మిల్లు 1924లో మొదలైంది, భద్రాచలం దగ్గర సారపాకలో మిల్లు ఉంది, కాగజ్‌నగర్‌కైతే పేరులోనే కాగితం ఉంది. (ఇక్కడ కరూరు దగ్గర తమిళనాడు సర్కారు మిల్లు ఉన్న ఊరిని కూడా కాగితపురం అనే అంటారు, చెరకు పిప్పితో కాగితం చేస్తారు అక్కడ.) ఆ ఊళ్లలో పనిచేసి రిటైరైనవాళ్లు, వాళ్ల పిల్లలు చెన్నైలో చాలామంది ఉన్నారు, మీ పేపరు వాళ్లూ చదువుతారు. మిల్లుల ఇంజనీర్ల సంఘం ఇప్టా 1964 నుంచీ ఉంది, సెమినార్లు పెడుతుంది, అక్కడ నీళ్ల వాడకం ఎలా తగ్గించాలి, పాత కాగితంలోంచి ఇంకు ఎలా తీయాలి అని మాట్లాడుకుంటారు. అలాంటి వాటి నుంచి తెలుగులో రెండు పేరాలు వచ్చినా మావాళ్లు కత్తిరించి దాచుకుంటారు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ రోజు మీ ఆఫీసుకు పంపిన ప్రెస్ నోట్ రాసింది నేనే, మా సంఘంలో జాయింట్ సెక్రటరీని. నోట్ రెండు పేజీలు. మొదటి పేజీ మొత్తం పేర్లే, ఒక్క పేరు తప్పినా మనసు కష్టపెట్టుకుంటారని భయం, పోయినసారి ఒకాయన పేరు ముందు హోదా మర్చిపోతే మూడు నెలలు నాతో మాట్లాడలేదు. జీఎస్టీ లెక్క, తీర్మానం రెండో పేజీ చివర పెట్టాను. స్థలం చాలకపోతే డెస్కులో ఉన్నవాళ్లు కింది నుంచి కోస్తారు, అది వాళ్ల పని, వాళ్లను ఏమని అనగలను? కానీ మీ విలేకరి ఒక్క ఫోన్ చేసి "ఏం తీర్మానం చేశారండీ?" అని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేవాణ్ని.

వచ్చే నెల మళ్లీ కూర్చుంటున్నాం, రీఫండ్ దరఖాస్తులు ఎవరివి ఎంతవరకు వచ్చాయో లెక్క తీస్తాం. ఈసారి నోట్‌లో మొదటి పేరాలోనే ఆ అంకెలు పెడతాను, పేర్లు చివర్లో. చోటు చాలకపోతే ఫోటో తీసేయండి. మరీ వేయక తప్పదంటే ఎడమ నుంచి మూడోవాణ్ని నేను, అక్కడికి కోసేసినా ఏమీ అనుకోను.

ఇట్లు,
అంబత్తూరు నుంచి ఒక అట్టపెట్టెల తయారీదారు,
చెన్నై