చదివింపుల పుస్తకం ఉంది, నగల జాబితా లేదు

సంపాదకులకు నమస్కారములు.

విడాకులు తీసుకున్న దంపతుల మధ్య పెళ్లి కానుకల తగవు గురించి పది రోజుల కిందట మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. నగలు ఎవరికి చెందుతాయన్నది ఇంకా తేలవలసిన విషయమన్నట్లు రాయడం నాకు చాలా బాధ కలిగించింది. సుప్రీంకోర్టు ఆ సంగతిని 1985లోనే ప్రతిభారాణి కేసులో తేల్చింది. పుట్టింటివారు పెట్టినవే కాక అత్తింటివారు పెళ్లికూతురికి పెట్టినవి కూడా స్త్రీధనమేనని, అంటే ఆమె సొంత ఆస్తేనని, వాటిని భర్త దగ్గర దాచుకుంటే అవి అతడివి అయిపోవని, అడిగినా తిరిగి ఇవ్వకపోతే అది నమ్మకద్రోహ నేరమవుతుందని చెప్పింది. 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోనైతే, అమెరికాలో విడాకులు పొందిన కూతురికి పెట్టిన 40 కాసుల బంగారం తిరిగి ఇప్పించమని కన్నతండ్రి మాజీ వియ్యాలవారిపై కేసు పెట్టగా, ఆ బంగారం పూర్తిగా కూతురిదేనని, ఆమె అధికారం ఇవ్వనిదే తండ్రికి కూడా అడిగే హక్కు లేదని అదే కోర్టు ఆ కేసును కొట్టివేసింది. అల్లుడికి ఇష్టపూర్వకంగా పెట్టిన ఉంగరం అల్లుడిదే. ఇద్దరికీ కలిపి ఇచ్చిన మంచం, బీరువా వంటివాటి సంగతి హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కింద విడాకుల తీర్పులోనే తేల్చవచ్చు. అడిగి పుచ్చుకున్న కట్నమైతే మూడు నెలల్లోగా పెళ్లికూతురికి అప్పగించి తీరాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టమే చెబుతోంది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా ఆడపిల్ల ఓడిపోయేది రుజువు దగ్గర. మా తమ్ముడి పెద్దకూతురు విడాకులైన తరువాత నగల కోసం పోలీసు స్టేషనుకు వెళితే, ఫొటోలో ఉన్నంత మాత్రాన మీవెలా అవుతాయి, అద్దె నగలు కావచ్చు కదా అన్నారు. ఆ రాత్రి మేమందరం పెళ్లి ఆల్బమ్ నేలమీద పరుచుకుని, భూతద్దం పెట్టి కాసులపేరులో కాసులు లెక్కపెట్టాము. వడ్డాణం మాత్రం ఏ ఫొటోలోనూ పూర్తిగా కనబడలేదు, ప్రతి దానిలోనూ పైటచెంగు అడ్డం వచ్చింది. ఆల్బమ్ దాచిన బీరువాలోనే చదివింపుల పుస్తకం భద్రంగా ఉంది. నూటపదహార్లు చదివించిన వారి పేరూ ఊరూ సహా అందులో ఉన్నాయి. బిడ్డకు పెట్టిన బంగారం గురించి మాత్రం ఒక్క అక్షరం లేదు.

ఆ అక్షరం రాయాలని ప్రభుత్వమే వరకట్న నిషేధ చట్టం కింద 1985 అక్టోబరు 2 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలలో చెప్పింది. పెళ్లిలో వధువుకు వచ్చిన కానుకలకు ఒక జాబితా, వరుడికి వచ్చినవాటికి ఒక జాబితా రాసి, ప్రతి వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం పేర్కొని ఇద్దరూ సంతకాలు చేయాలి. దాదాపు 40 ఏళ్లలో నేను వెళ్లిన పెళ్లిళ్లలో ఒక్కచోట కూడా ఆ కాగితం చూడలేదు. వివాహ నమోదుకు వెళితే శుభలేఖ అడుగుతారు, ఫొటోలు అడుగుతారు, వయసు ధ్రువపత్రాలు అడుగుతారు, సాక్షులను అడుగుతారు, ఈ జాబితా మాత్రం మా ఇంటి పెళ్లిళ్లలో ఎవరూ అడగలేదు. ఈ చట్టం కోసం నియమించవలసిన వరకట్న నిషేధ అధికారి మా జిల్లాలో ఎవరో నేను అడిగినవారిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. పెళ్లినాడు ఎవరూ పట్టించుకోని కాగితాన్ని విడాకులనాడు ఆడపిల్ల ఎక్కడినుంచి తేవాలి? నమోదు దరఖాస్తుతోపాటు జాబితా తప్పనిసరి చేయడానికి ప్రభుత్వానికి ఒక ఉత్తర్వు చాలదా?

ఆ జాబితా నమూనాను దయచేసి మీ పత్రికలో ప్రచురించండి. మా తమ్ముడి రెండో కూతురికి వచ్చే మాఘమాసంలో ముహూర్తం పెట్టుకున్నాము. జాబితా రాయించి సంతకాలు తీసుకోమని నేను చెబుతూనే ఉన్నాను. మగపెళ్లివారు ఏమనుకుంటారోనని వాడు ఇంకా వెనకాడుతున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి