కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: చెరువు హద్దు కోసం ఈ ఏడాది మనం చేసిన పని

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నియమావళిలో ఉంది. నియమం లేకపోయినా ఈసారి రాసేదాన్నే. ఈ సంవత్సరం సంఘం పని ముప్పాతిక భాగం చెరువు హద్దు చుట్టూనే తిరిగింది. అది ఎందుకు మొదలైందో, ఎవరెవరు చేశారో, ఎక్కడ ఆగిందో రికార్డులో ఉండాలి. పార్కు, వీధిదీపాల సంగతులు చివర్లో రాశాను.

మన చెరువు ఎఫ్‌టీఎల్‌కు (ఫుల్ ట్యాంక్ లెవెల్, అంటే చెరువు నిండినప్పటి నీటి హద్దు) ప్రాథమిక నోటిఫికేషన్ రావడంతో పని మొదలైంది. ప్రాథమిక నోటిఫికేషన్ అంటే మ్యాపు పెట్టి, సర్వే నంబర్లు చూపించి, అభ్యంతరాలుంటే గడువులోగా చెప్పమని అడగడం. అవి విన్నాక తుది నోటిఫికేషన్ ఇస్తారు. తుది గీత పడ్డాక దాన్ని కదిలించాలంటే కోర్టుకు పోవాల్సిందే. అందుకే గడువు దాటకముందే మ్యాపు కాపీ తెచ్చి, ఉపాధ్యక్షురాలు గారింటి డైనింగ్ టేబుల్ మీద పరిచి, పాత గ్రామ నక్షాతో పోల్చి చూశాం. చూసినవాళ్లందరికీ టెన్షన్ పట్టుకుంది.

కారణం చెబుతాను. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 ప్రకారం చెరువు 10 హెక్టార్లు, అంతకు మించి ఉంటే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్ల వరకు ఏ కట్టడమూ రాకూడదు. 10 హెక్టార్లకు తగ్గితే ఆ దూరం 9 మీటర్లే. నాలాలకూ ఇలాంటి లెక్కే ఉంది. వెడల్పు 10 మీటర్లు దాటితే హద్దు నుంచి 9 మీటర్లు, దాటకపోతే 2 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లంటే మన కొలతలో సుమారు 24 ఎకరాల 28 గుంటలు. పాత నక్షా ప్రకారం మన చెరువు అంతకన్నా కాస్త ఎక్కువ. ముసాయిదా మ్యాపులో కాస్త తక్కువ. తేడా కొన్ని గుంటలే కావచ్చు, కానీ ఆ కొన్ని గుంటలతో బఫర్, అంటే కట్టడాలు లేకుండా వదలాల్సిన దూరం, 30 మీటర్ల నుంచి 9 మీటర్లకు పడిపోతుంది. చెరువు చుట్టూ 21 మీటర్ల వెడల్పున ఉన్న నేలంతా అపార్ట్‌మెంట్లకు దొరుకుతుంది.

విస్తీర్ణం ఎలా తగ్గిందా అని వెతికితే ఈశాన్యం మూల కనిపించింది. కొన్నేళ్లుగా రాత్రిపూట టిప్పర్లతో మట్టి పోసి చదును చేసిన చోటు అది. అక్కడ నీళ్లు కనిపించలేదు కాబట్టి దాన్ని చెరువులో కలపలేదు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండి అలుగు పారబోయే మట్టానికి నీరు ఎంతవరకు పరుచుకుంటుందో ఆ గీత. వేసవిలో ఫొటో తీస్తే కనిపించే నీటి అంచుకు దానితో సంబంధం లేదు. మట్టి పోసినవాళ్ల చోట గీత లోపలికి జరిగిందంటే, మట్టి పోయడానికే లైసెన్సు ఇచ్చినట్టు. రేపు ఇంకో మూల పోస్తారు. ఆ మట్టి నీళ్లను తాగేయదు కదా, అవి పల్లం ఎటుంటే అటు, అంటే మన నాలుగో వీధికీ ఐదో వీధికీ వస్తాయి.

ఇంకో సంగతి. 30 మీటర్లు అనేది నేల మీద కొలిచే దూరం. చెరువు గట్టు వాలు నిటారుగా ఉన్నచోట 30 మీటర్లు అవతలకు నడిస్తే మనిషెత్తు పైకి వెళ్తాం. మన తూర్పువైపు లాంటి చదును నేలలో 30 మీటర్లు నడిచినా జానెడు ఎత్తు కూడా పెరగం. అక్కడ అలుగు మీద నీరు కొంచెం పైకి లేస్తే చాలు, బఫర్ దాటి ఇళ్లలోకి వచ్చేస్తుంది. జీవో పెట్టిన 30 మీటర్లు కనీసపు రక్షణ. దాన్ని కూడా 9కి దించితే ఊరుకోకూడదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

నీటి గుర్తులు వేసిన ఆదివారం

ఈ సంవత్సరం సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ రోజు ఇదే. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన మనలో ఎవరూ మరిచిపోలేదు. ఆ రాత్రి నీళ్లు ఎవరింట్లో ఎంతవరకు వచ్చాయో ఇంటింటికీ వెళ్లి అడిగి, గోడల మీద నీలిరంగు గీత వేయాలని అనుకున్నాం. కొందరింట్లో గోడ మీద చెమ్మ మరక ఇంకా ఉంది. కొందరు ఆ తెల్లారి ఫోన్లో తీసిన ఫొటోలు చూపించారు. ఐదో వీధి చివరింటి పెద్దమ్మ గారు తలుపు చెక్క ఉబ్బిన చోటు చెయ్యి పెట్టి చూపించారు.

గీతలు వేస్తే పని అయిపోదు, అవన్నీ ఒకే మట్టానికి కొలవాలి. మన కాలనీలోనే ఉంటున్న రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజినీరు గారు ఎండలో నిలబడి ఆ బాధ్యత తీసుకున్నారు. మేస్త్రీ గారు లెవెల్ ట్యూబు తెచ్చారు. అలుగు పైమట్టాన్ని సున్నాగా పెట్టుకుని, గేటు తర్వాత గేటు, వీధి తర్వాత వీధి కొలుచుకుంటూ వచ్చాం. ఇంటర్ చదివే పిల్లలు రిజిస్టర్ రాశారు, ఒక్క కొట్టివేత లేకుండా రాశారు. సాయంత్రానికి తేలింది ఏమిటంటే, నేల ఎత్తుపల్లాలు ఎలా ఉన్నా గీతలన్నీ దాదాపు ఒకే మట్టంలో, అలుగుకు మూరెడు పైన ఉన్నాయి. అంటే ఆ రాత్రి చెరువూ మన వీధులూ కలిసి ఒకటే నీరు. అలుగు నుంచి బయటికి పోయే నాలా ఇరుకైపోవడంతో నీరు వెనక్కి ఎగదన్నింది. ఏ కన్సల్టెంటుకూ రూపాయి ఇవ్వకుండా మన సభ్యులే ఈ సంగతి తేల్చారు.

ఐదారు కుటుంబాలు గీత వద్దన్నాయి. రేపు ఇల్లు అమ్మాలంటే ధర పడిపోతుందని వాళ్ల భయం. లోన్ తీర్చుకుంటూ ఉన్నవాళ్లకు ఆ భయం ఉండటం సహజం. వాళ్ల ఇళ్లకు రంగు వేయలేదు, కొలత మాత్రం రిజిస్టర్లో రాసుకున్నాం. అయినా ఒక మాట చెప్పాలి. గీత చూసి ధర తగ్గించే కొనుగోలుదారు, గీత లేకుండా కొని మొదటి వానకే మునిగితే ఎవరిని అడుగుతారు?

విచారణలో జరిగింది

అభ్యంతరాలు విన్న రోజు మన తరఫున నలుగురం వెళ్లాం. అవతల రియల్ ఎస్టేట్ వైపు నుంచి లాయర్లూ ఇంజినీర్లూ ఒక బెటాలియన్‌లా వచ్చారు. వాళ్ల ఇంజినీరు, 2020 లాంటి వాన వందేళ్లకోసారి వస్తుంది, దాని కోసం భూములన్నీ ఖాళీగా ఉంచలేం కదా అన్నారు. మన ఇంజినీరు గారి జవాబు మినిట్స్‌లో ఉంది, ఇక్కడా రాస్తున్నాను. వందేళ్ల వరద అంటే ఒకసారి వచ్చాక వందేళ్లు సెలవు తీసుకుంటుందని కాదు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి. 30 ఏళ్ల హోమ్ లోన్ తీరేలోపు కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం లెక్కగడితే 26 శాతం. అదీ పైనున్న కాలనీలన్నీ కాంక్రీటు కాకముందు నేల ఎలా ఉందో అలాగే ఉంటేనే.

మన ఉపాధ్యక్షురాలు గారు ఇంకో మాట అన్నారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చింది. దాని తర్వాతే విశ్వేశ్వరయ్య గారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఈ నగరంలో పట్టణ ప్రణాళిక పుట్టిందే వరద చూశాక. ఆ ప్రణాళికకు వారసులైన ఆఫీసులో వరదను పక్కన పెట్టి మాట్లాడటం ఎలా అని ఆవిడ అడిగితే గదిలో ఎవరూ జవాబు చెప్పలేదు.

అక్కడ కూర్చున్నాక నాకు అర్థమైంది చెబుతాను. ప్లానింగ్ వాళ్ల దగ్గరికి ఏదైనా ఒక్కో ప్లాటుగా, ఒక్కో ఫైలుగా వస్తుంది. ఇరిగేషన్ ఎన్‌ఓసీ ఉందా, రెవెన్యూ ఎన్‌ఓసీ ఉందా, రోడ్డు వెడల్పు సరిపోయిందా, సంతకం. ఈ ఒక్క ఇంటితో చెరువుకు ఏమవుతుంది అనుకుంటే నిజమే, ఏమీ కాదు. నూటయాభై ఇళ్లు కలిస్తే ఏమవుతుందో చూసే కాలమ్ ఏ దరఖాస్తులోనూ లేదు. పైగా భవన అనుమతుల కోసం తెలంగాణ తెచ్చిన 2020 చట్టం (టీఎస్-బీపాస్) తర్వాత 500 చదరపు మీటర్లలోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వయం ధ్రువీకరణతోనే అనుమతి వస్తోంది. సామాన్యుడికి అది మేలే, ఆఫీసుల చుట్టూ తిరగనక్కర్లేదు. కానీ ముందు ఎవరూ వచ్చి స్థలం చూడరు కాబట్టి అంతా మ్యాపులోని గీత మీదే ఆధారపడుతుంది. ఆ గీత ముసాయిదాగా ఉన్నన్నాళ్లూ అనుమతులు వస్తూనే ఉంటాయి. హద్దు ఇంకా తుది కాలేదు కాబట్టి ఆపలేమని మనకు చెప్పారు. మరి అనుమతులు వచ్చేశాక, కట్టేశారు కాబట్టి హద్దు జరపలేమని అంటారు. ఈ రెండు మాటల మధ్యే చెరువులు పోతున్నాయి.

వరద మైదానాల జోనింగ్‌కు కేంద్రం 1975లోనే నమూనా బిల్లు తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. మణిపూర్ 1978లో చట్టం చేసింది. చట్టం చేసిన రాష్ట్రాలు ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. నీరు ఎంత తరచుగా వస్తుందో, ఎంత లోతున నిలుస్తుందో చూసి నేలను భాగాలు చేయాలని ఆ బిల్లు ఆలోచన. మన జీవోలో చెరువు విస్తీర్ణం, నాలా వెడల్పు తప్ప నీటి లోతు ప్రస్తావన లేదు. అందుకే మన వినతిపత్రంలో విస్తీర్ణాన్ని అలుగు మట్టం ఆధారంగా మళ్లీ కొలవాలనీ, తుది నోటిఫికేషన్ వచ్చేదాకా 30 మీటర్ల బఫర్‌నే పాటించాలనీ, నాలా వెడల్పును రికార్డు ప్రకారం తీసుకోవాలనీ అడిగాం. నీటి గుర్తుల రిజిస్టర్ కాపీ జతచేశాం.

ఫలితం వచ్చింది. రీసర్వే చేశారు. సవరించిన మ్యాపులో ఈశాన్యం మూల చెరువులో కలిసింది, విస్తీర్ణం మళ్లీ 10 హెక్టార్లు దాటింది. సర్వేకు వచ్చిన యువ అధికారి మన రిజిస్టర్ అడిగి తీసుకుని, అలుగు దగ్గర మన సున్నా మట్టాన్ని తన పరికరంతో సరిచూసుకున్నారు. ఇలాంటివాళ్లు ఆ ఆఫీసులో ఇంకో ఇద్దరుంటే సగం సమస్యలు ఉండవు.

నాలా సంగతి మాత్రం తేలలేదు. రికార్డులో 10 మీటర్లు దాటిన నాలా, నేల మీద గోడల మధ్య ఎక్కడా అంత లేదు. ఇప్పుడున్న వెడల్పే రాస్తామంటున్నారు. ఈ ఫైలు ఏ టేబుల్ మీద ఉందో కనుక్కోవడానికే సంవత్సరంలో చాలా భాగం పోయింది. ఒక విభాగం ఇంకో విభాగానికి రాశామంటుంది, వాళ్లు రాలేదంటారు. ఈలోగా చూసే అధికారికి బదిలీ, కొత్తవారికి మొదటి నుంచీ చెప్పాలి. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే వచ్చిన జవాబు, పరిశీలనలో ఉంది అని ఒక్క లైను. తుది నోటిఫికేషన్ కూడా ఇంకా రాలేదు.

బఫర్‌లో పడుతున్న మన సభ్యుల గురించి

సవరించిన మ్యాపు వల్ల మన సభ్యుల్లోనే కొందరి ప్లాట్లు బఫర్‌లోకి వచ్చాయి. సంఘమే మా మీద గీత గీయించిందని వాళ్లు బాధపడ్డారు, ఒకరిద్దరు చందా ఆపేశారు. వాళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకుని, స్టాంపు డ్యూటీ కట్టి కొన్నవాళ్లు. లేఅవుట్ వేసి అమ్మినవాడు ఎక్కడున్నాడో తెలియదు. ఇప్పటికే కట్టుకుని ఉంటున్న ఇళ్లనూ, రేపు కొత్తగా కట్టబోయేవాటినీ ఒకే గాటన కట్టకూడదని, ఖాళీ ప్లాట్లు వదులుకునేవారికి టీడీఆర్ (వదులుకున్న స్థలానికి బదులు వేరేచోట వాడుకోగల, అమ్ముకోగల నిర్మాణ హక్కు) ఇవ్వాలని సంఘం విడిగా లేఖ రాసింది. ఆ లేఖకూ జవాబు రావాలి. కానీ వాళ్ల కోసం గీతను లోపలికి జరపమని సంఘం అడగదు. అలా అడిగితే వెనక వీధులవాళ్లకు అన్యాయం చేసినట్టు అవుతుంది.

మిగతా విషయాలు

పార్కు వాకింగ్ ట్రాక్ బాగైంది. మూడో వీధి దీపాలు వెలుగుతున్నాయి. వర్షాకాలానికి ముందు డ్రెయిన్ల పూడిక రెండో వీధిలో తీశారు, ఐదో వీధిలో తీయలేదు. జమాఖర్చుల పత్రం నోటీసు బోర్డు మీద ఉంది, ఇంటర్నల్ ఆడిటర్ గారు చూసి సంతకం చేశారు. ఎక్కువ ఖర్చు మ్యాపు కాపీలకు, జిరాక్సులకు, వకీలు ఫీజుకు అయింది. బకాయిలున్నవారు ఈ సమావేశం రోజే కోశాధికారి గారికి చెల్లిస్తే సంతోషిస్తాం.

వాలంటీర్ల గురించి రాయకుండా ఉండలేను. చెరువు కబ్జా వీడియో పెడితే మన వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు, నిప్పు బొమ్మలు వరదలా వస్తాయి. విచారణకు పని రోజున ఎవరైనా రండి అంటే గ్రూపు మొత్తం నిశ్శబ్దం. ఉద్యోగాలున్న సంగతి తెలుసు. వెళ్లిన నలుగురిలో ముగ్గురు సెలవు పెట్టి వచ్చినవాళ్లే. రిటైరైన సభ్యులు కనీసం ఇరవై మంది ఉన్నారు, వాళ్లలో కదిలింది ఇద్దరు. ఇది ఎవరినీ నొప్పించడానికి రాయడం లేదు, కానీ అవతలివాళ్లు ప్రతి విచారణకూ వస్తారు.

ఇంజినీరు గారికి, ఉపాధ్యక్షురాలు గారికి, రిజిస్టర్ రాసిన పిల్లలకు, వాళ్లను ఆదివారం ట్యూషన్ మాన్పించి పంపిన తల్లిదండ్రులకు, మేస్త్రీ గారికి, పాత నక్షా దాచి ఉంచి ఇచ్చిన ఊరి పెద్దాయనకు, గీత వేయనివ్వకపోయినా కొలత ఇచ్చిన కుటుంబాలకు, ఫీజు తగ్గించుకున్న వకీలు గారికి, మధ్యాహ్నం అందరికీ మజ్జిగ పంపిన నాలుగో వీధి మహిళలకు, కమ్యూనిటీ హాలు వాచ్‌మన్‌కు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఈ సమావేశం రెండు తీర్మానాలు చేయాలి. నాలా వెడల్పు మీద పైఅధికారులకు అప్పీలు చేయడానికి అనుమతి ఒకటి. పని రోజుల్లో ఆఫీసుకు వెళ్లగలిగే ఐదుగురితో చెరువు ఉపసంఘం ఏర్పాటు రెండోది. పేర్లు ఇవ్వదలచినవారు ఓటింగ్ మొదలయ్యేలోగా నా దగ్గరున్న పుస్తకంలో రాయాలి. రిజిస్టర్, రెండు మ్యాపులు వేదిక పక్క బల్ల మీద ఉన్నాయి, చూసుకోవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి